తాజ్ మహల్ లోపలి బొమ్మకు వంకర లేకుండా పటం కట్టించేదెట్టా?

దేవుడి పటంలోనో పెళ్లి ఫొటోలోనో అట్ట ఒక పక్క కాస్త ఎక్కువైనా ఎవరి కంటా పడదు. తాజ్ మహల్ లోపలి గది బొమ్మ అట్లా కాదు. ఎనిమిది పలకల గది, ఎత్తయిన కమానులు, నడిమధ్యన ముంతాజ్ సమాధి, దాని చుట్టూ పాలరాతి జాలీ. బొమ్మంతా నిలువు గీతలే, కుడి ఎడమలు సరిసమానం. బొమ్మ చుట్టూ అంచుగా పెట్టే అట్ట, అంటే మౌంటు, 2 మిల్లీమీటర్లు తేడాగా కోసినా, పటం ఒక మూల వాలినా మొదటి రోజే కనబడిపోతుంది. నెల్లూరు, ఒంగోలు వైపు దీనికి తోడు ఉప్పు గాలి, కార్తెల వేడి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. అందుకే బొమ్మ ఎంచుకునే దగ్గర నుంచే కాస్త లెక్కగా పోవాలి.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఇంట్లో ఒక మాట అడగండి. వాస్తు చెప్పేవాళ్లలో కొందరు సమాధి బొమ్మ ఇంట్లో వద్దంటారు. కసుమూరు, ఏఎస్ పేట దర్గాలకు మతం చూడకుండా జనం పోయే నెల్లూరు జిల్లా ఇది. అయినా పెద్దవాళ్లకు పట్టింపు ఉంటే పటం అటక మీదకు చేరుతుంది. కట్టించాక గొడవ పడేకంటే ముందే తేల్చుకోవడం మేలు.

బొమ్మ దొరికే చోటు, చూసుకోవాల్సిన గుర్తులు

తాజ్ ప్రధాన సమాధి గదిలో ఫొటోలు తీయడం నిషేధం. కాబట్టి బజారులో, ఇంటర్నెట్లో దొరికే లోపలి దృశ్యాలు ఎక్కువగా మూడు రకాలు: పాత చెక్కుడు ముద్రణలు, 19వ శతాబ్దం మొదట్లో ఆగ్రా చిత్రకారులు కంపెనీ దొరల కోసం వేసిన నీటిరంగుల బొమ్మలు, పాత ఫొటోలు లేదా అనుమతితో తీసిన ఫొటోలు. దొంగచాటుగా సెల్‌ఫోన్‌తో తీసినవీ తిరుగుతుంటాయి. చీకటి గదిలో తీసినవి కాబట్టి పెద్దవి చేస్తే ఇసక చల్లినట్టు గరుకుగా వస్తాయి. వాటి జోలికి పోవద్దు. పెద్ద మ్యూజియాలు కాపీరైట్ తీరిన బొమ్మలను పెద్ద సైజులోనే ఉచితంగా ఇస్తున్నాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి ఇట్లా ఇస్తోంది. మన దేశంలో ఇప్పుడు ఫొటోకు కాపీరైట్ తీసినవాళ్లు బతికున్నంత కాలం, వాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. కొత్త ఫొటో అయితే తీసినవాళ్ల అనుమతి కావాలి.

ఫైలు చేతికి రాగానే అది తిరగబడిందేమో చూడండి. పాత ముద్రణలను స్కాన్ చేసేటప్పుడు, నెగెటివ్ నుంచి తీసేటప్పుడు కుడి ఎడమలు మారిపోవడం మామూలే. గోడల మీద రాసి ఉన్నవి కురాన్ వాక్యాలు. వాటిని తిప్పి వేలాడదీస్తే చదవగలిగిన వాళ్లకు మనసు చివుక్కుమంటుంది. అరబ్బీ రానివాళ్లకూ ఒక గుర్తు ఉంది. 'అల్లాహ్' అనే మాట కోసం వెతకండి. అందులో మొదటి అక్షరం అలిఫ్, ఒంటరిగా నిలబడ్డ గీత. అది పక్క అక్షరంతో కలవదు. దాని తర్వాత రెండు నిలువు గీతలు కింద కలిసిపోయి ఉంటాయి, చివర చిన్న ముడి లాంటి అక్షరం. ఒంటరి గీత కుడి చివర ఉంటే బొమ్మ సరిగ్గా ఉన్నట్టు. ఎడమ చివర ఉంటే తిరగబడినట్టు. అప్పటికీ అనుమానమైతే నెల్లూరు కోటమిట్ట వైపు ఉర్దూ చదివినవాళ్లకు ఫోన్లో చూపిస్తే నిమిషంలో చెబుతారు.

అక్షరాలు మసకగా ఉంటే సమాధులే ఆధారం. పై గదిలో మనకు కనబడేవి నకలు సమాధులు. అసలువి నేలమాళిగలో ఉన్నాయి. ముంతాజ్ సమాధి గది నట్టనడుమ ఉంటుంది. షాజహాన్ 1666లో చనిపోయాక ఆయన సమాధిని పడమటి పక్కన చేర్చారు. అది ముంతాజ్ సమాధి కంటే పెద్దది, పైన కలందాను, అంటే కలాల పెట్టె ఆకారం ఉంటుంది. ముంతాజ్ సమాధి మీద ఉండేది పలక ఆకారం. దక్షిణ ద్వారం నుంచి లోపలికి చూస్తే పెద్ద సమాధి ఎడమ చేతి వైపు ఉండాలి. ఉత్తరం నుంచి చూసి వేసిన బొమ్మలో అది కుడికి వస్తుంది. కాబట్టి దీన్ని రెండో సాక్ష్యంగానే తీసుకోండి. మొదటి సాక్ష్యం అక్షరాలదే.

పైన వేలాడే పెద్ద లోహపు దీపం కూడా పనికొచ్చే గుర్తు. అది అప్పట్లో బ్రిటిష్ వైస్రాయ్‌గా పనిచేసిన కర్జన్ ప్రభువు కైరోలోని ఒక మసీదు దీపం నమూనాలో చేయించి పంపింది. 1900ల తొలి దశాబ్దానికి ముందు అది అక్కడ లేదు. '1850 నాటి అసలు చిత్రం' అని ఎవరైనా అమ్మజూపితే, అందులో ఆ దీపం కనబడితే ఆ తేదీని నమ్మొద్దు. చుట్టూ ఉన్న పాలరాతి జాలీ మాత్రం 1643 నాటిది, పాత బొమ్మల్లోనూ ఉంటుంది.

ఫైలు సైజు, ముద్రణ

ఈ బొమ్మకు 12 × 18 అంగుళాల కాగితం సరిపోతుంది. డిజిటల్ ప్రింటింగ్ షాపుల్లో ఇది మామూలుగా దొరికే సైజు. గుమ్మటం ఎత్తు కనబడాలి కాబట్టి నిలువుగానే వేయించండి. అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలంటే ఫైలు 3600 × 5400 పిక్సెళ్లు ఉండాలి. 200 అయినా, అంటే 2400 × 3600 ఉన్నా చేయి చాచి నిలబడ్డంత దూరం నుంచి బాగానే ఉంటుంది. అంతకంటే తగ్గితే మొదట దెబ్బతినేది జాలీ. దాని రంధ్రాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి దోమతెర లాగా తయారవుతుంది.

షాపుకు ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు. మామూలుగా పంపితే పొడుగు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించేస్తుంది. 18 అంగుళాలకు లెక్క వేస్తే అంగుళానికి 90 కూడా రాదు. డాక్యుమెంటుగా పంపండి, లేదంటే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి.

పూర్తి సైజు వేయించే ముందు ఒక ముక్క వేయించి చూడాలి. జాలీ, రంగురాళ్లు పొదిగిన పువ్వుల పని, చీకటి మూల మూడూ వచ్చేట్టు బొమ్మలోంచి 4 × 6 అంగుళాల భాగాన్ని అసలు సైజులోనే ముద్రించమనండి. దాన్ని బయటికి తెచ్చి పగటి వెలుగులో, నీడపట్టున చూడండి. పాలరాయి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే వెలుతురు ఎక్కువ పెట్టారని అర్థం. ఆ గదిలోకి వెలుగు జాలీల గుండా వడకట్టుకుని వస్తుంది. రాయి మీగడ రంగులో, నీడలతో కనబడాలి. చీకటి మూలలో కమాను అంచు కనబడకుండా నల్లగా మూసుకుపోతే నీడలను కొంచెం తేల్చమని చెప్పండి. పువ్వుల్లో ఎర్రరాయి నారింజ వైపు మొగ్గిన ఎరుపు, ఆకులు మసక ఆకుపచ్చ. అవి ప్లాస్టిక్ పూల రంగుల్లా మెరుస్తున్నాయంటే షాపతను రంగులు పెంచాడన్నమాట. 'అన్నా, కలర్ ఏమీ పెంచొద్దు, ఫైలు ఎట్టా ఉందో అట్నే ఇయ్యి' అని చెప్తే సరిపోతుంది.

కాగితం మెరుపు లేనిది తీసుకోండి, 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) పైన ఉండాలి. దొరికితే 300 దగ్గర ఉండే నూలు కాగితం ఇంకా మంచిది. ఇంకు గురించి ఒకే ప్రశ్న అడగండి: పిగ్మెంటా, డైనా? డై ఇంకు వెలుతురుకు త్వరగా వెలుస్తుంది, తేమకు అంచుల్లో పాకుతుంది. మన వాతావరణానికి పిగ్మెంటే. కాగితం అంచు మీద వేళ్లు పెట్టి రెండు చేతులతో ఎత్తండి. ఒక్క చేత్తో మూల పట్టుకుని లేపితే అక్కడ అర్ధచంద్రంలా మడత పడుతుంది, అది ఇక పోదు. చుట్టి ఇచ్చిన ప్రింటును తెల్ల కాగితాల మధ్య పరిచి, పైన చదునైన బరువు పెట్టి రెండు రోజులు ఉంచాకే పటానికి ఇవ్వండి.

కొలతలు ముందే రాసుకోండి

పటాల షాపులో నిలబడి కొలతలు ఆలోచిస్తే వాళ్ల దగ్గర మిగిలిన ముక్కకు తగ్గట్టు బొమ్మ సర్దుకోవాల్సి వస్తుంది. 12 × 18 ప్రింటుకు లెక్క ఇది. బొమ్మ కనబడేలా మౌంటు మధ్యలో కోసే కిటికీ 11½ × 17½ అంగుళాలు, అంటే కాగితం నాలుగు పక్కలా పావు అంగుళం చొప్పున అట్ట కిందికి పోతుంది. మౌంటు అంచు ఎడమ, కుడి, పైన 3 అంగుళాలు. కింద 3½. కింద అర అంగుళం ఎక్కువ ఇవ్వకపోతే బొమ్మ జారిపోతున్నట్టు కనబడుతుంది. అప్పుడు మౌంటు బయటి కొలత 17½ × 24 అంగుళాలు. గాజు, వెనక పలక కూడా ఇదే సైజు. ఫ్రేము గాడి లోపల దీనికంటే ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వదలాలి. బిర్రుగా కడితే వానాకాలం అట్ట ఉబ్బి బొమ్మను మధ్యలో ఎత్తుతుంది.

బీడింగు, అంటే ఫ్రేము కట్టే బద్దె, ఎంత కావాలో కూడా లెక్క తెలిసి ఉంటే మంచిది. చుట్టుకొలత 83 అంగుళాలు. అంగుళం వెడల్పు బీడింగు అయితే మూలల కోతలకు ఇంకో 8. రంపం తినేది, చివర్లు సరిచేసేది కలుపుకుని మొత్తం 8 అడుగులు. అడుగు లెక్కన డబ్బు తీసుకునే చోట ఇది అక్కరకొస్తుంది.

బొమ్మను కత్తిరించాల్సి వస్తే కేంద్రం ఎక్కడో మీరే గుర్తు పెట్టి ఇవ్వండి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. రెండు సమాధులు కనబడతాయి కదా అని రెండింటికీ మధ్యన కేంద్రం పెడతారు. ఆ గదిలో సరిసమానం తప్పింది షాజహాన్ సమాధి ఒక్కటే. మిగతా గది అంతా ముంతాజ్ సమాధి చుట్టూ తూచినట్టు ఉంటుంది. కాబట్టి గుమ్మటం కొన, దీపం గొలుసు, ముంతాజ్ సమాధి నడిమి గీత ఒకే నిలువులో రావాలి. ఆ నిలువే పటానికి కేంద్రం. రెండో సమాధి ఒక పక్కకు ఉన్నట్టు కనబడటమే సరి, దాన్ని సర్దబోవద్దు. చిత్రకారుడు పక్క నుంచి చూసి వేసిన బొమ్మ అయితే ఈ లెక్క పనిచేయదు, అప్పుడు ఏమీ కత్తిరించకుండా ఉన్నదున్నట్టు కట్టించండి.

మౌంటు రంగు గురించి మా మాట: తళతళలాడే తెలుపు వద్దు. దాని పక్కన పాలరాయి మురికి పట్టినట్టు పచ్చగా కనబడుతుంది. బొమ్మలో రాయి ఎంత తెల్లగా ఉందో అంతకంటే ఒక పిసరు తక్కువ తెలుపు తీసుకోండి. ముక్కను ప్రింటు మీద పెట్టి, షాపు బయట వెలుతురులో చూసి ఖాయం చేయండి, ట్యూబులైటు కింద కాదు. బీడింగు సన్నగా, ముదురు గోధుమ రంగులో, నగిషీ లేకుండా ఉంటే చాలు. పువ్వులు చెక్కిన బంగారు రంగు బీడింగు పెడితే లోపలున్న పువ్వుల పనితో పోటీ పడుతుంది. షాపుల్లో మొదట చూపించేది మాత్రం అదే.

చెక్కా, సింథటిక్కా అంటే రెండూ నడుస్తాయి. సింథటిక్ బీడింగుకు చెదలు పట్టవు, తేమకు ఉబ్బదు, కానీ స్క్రూ పట్టు తక్కువ, ఎండ తగిలే కిటికీ పక్కన వంగుతుంది. చెక్క అయితే బాగా ఆరిన టేకు అడగండి. పచ్చి చెక్కతో కట్టిన పటం మే నెలలో మూలల దగ్గర విడిపోతుంది. చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో కాదు. అందుకే ఏటవాలు కోత కోణం మారి మూల లోపలి వైపు సందు పడుతుంది. వానలకు ఉబ్బితే అదే సందు బయటి వైపు పడుతుంది. ఏ వైపు విడిందో చూస్తే కారణం తెలిసిపోతుంది.

కట్టేటప్పుడు దగ్గరుండండి

వినాయక చవితికి, దసరాకు ముందు, నెల్లూరులో అయితే రొట్టెల పండగ రోజుల్లోనూ ఈ పని ఇవ్వొద్దు. దేవుడి పటాల రద్దీలో మీ కొలతల కాగితం ఎటు పోతుందో తెలియదు. తీరిక రోజున వెళ్లి అరగంట కూర్చుంటే మంచి పని జరుగుతుంది.

లోపల వరుస ఇది, ముందు నుంచి వెనక్కి: 2 మిల్లీమీటర్ల గాజు, కిటికీ కోసిన మౌంటు, ప్రింటు, దాని వెనక కోయని మౌంటు అట్ట ఒకటి, చివర సన్‌ప్యాక్ షీటు. మౌంటు 1½ మిల్లీమీటర్లు, సన్‌ప్యాక్ 3 అనుకుంటే మొత్తం సుమారు 8½ మిల్లీమీటర్లు. బీడింగు గాడి లోతు కనీసం 11 ఉంటేనే వెనక మేకులు కొట్టడానికి చోటు మిగులుతుంది.

ఈ వరుసలో రెండు చోట్ల షాపులు తేలిగ్గా తీసేస్తాయి. మొదటిది మౌంటు లేకుండా గాజును నేరుగా ప్రింటు మీద పెట్టడం. ముసురు పట్టినప్పుడు గాజు లోపలి వైపు చెమ్మ చేరి, ఇంకు గాజుకు అంటుకుంటుంది. తర్వాత తీయబోతే రంగు గాజుతో పాటే వచ్చేస్తుంది. మౌంటు అందం కోసమే కాదు, ఆ సందు కోసం. రెండోది వెనక అట్ట. పాత క్యాలెండరు, స్వీటు డబ్బా అట్ట, న్యూస్‌పేపరు, ఏది చేతికొస్తే అది పెట్టేస్తారు. వాటిలోని ఆమ్లం రెండు మూడేళ్లలో ప్రింటు మీదికి గోధుమ రంగు మరకగా దిగుతుంది, పైగా చెదలకు అదే విందు. ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక), హార్డ్‌బోర్డు కూడా ప్రింటుకు తగలకూడదు. సన్‌ప్యాక్ అంటే ఎన్నికల బోర్డులకు, పిల్లల ప్రాజెక్టులకు వాడే గొట్టాల ప్లాస్టిక్ షీటే. నీరు పీల్చదు, పురుగు తినదు, బరువు లేదు. మౌంటు అట్టలు రెండూ ఆమ్లం లేనివి అడగండి. ఉందో లేదో తెలుసుకోవాలంటే షాపులో పాత ముక్క కోసిన అంచు చూడండి. లోపలి భాగం పచ్చబడి ఉంటే అది మామూలు అట్టే.

ఇక ప్రింటును అంటించడం. 'నాలుగు పక్కలా గమ్మేస్తే కదలదు సార్' అంటారు. కదలదు, నిజమే. కాని కాగితం తేమకు పెరుగుతుంది, ఎండకు తగ్గుతుంది. నాలుగు పక్కలా బిగిస్తే పెరిగే చోటు లేక మధ్యలో అలలు లేస్తాయి. నిలువు స్తంభాలు పాముల్లా మెలికలు తిరుగుతాయి. పట్టు పై అంచున మాత్రమే ఉండాలి. పలచని, గట్టి చేతి కాగితం ముక్కలు రెండు, అంగుళం వెడల్పు, అంగుళంన్నర పొడవు తీసుకోండి. ప్రింటు వెనక పై అంచు నుంచి మూడో వేలి గోరంత మేరకే గోధుమ గంజి రాసి అంటించండి. మిగతా తోక పైకి ఉంటుంది. దాని మీద అడ్డంగా ఇంకో ముక్క వేసి వెనక అట్టకు అంటిస్తే ఆంగ్లంలో 'టి' అక్షరంలా తయారవుతుంది. ప్రింటు దానికి వేలాడుతుంది, మిగతా మూడు వైపులా స్వేచ్ఛగా ఉంటుంది. గంజి చిక్కగా ఉండాలి, పలచగా ఉంటే తేమ ముందు వైపుకు మచ్చగా తేలుతుంది. మైదా జిగురులో పురుగు రాకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఇక్కడ ఉంది. అది పుస్తకాల అట్టలకు సరే, ప్రింటుకు వద్దు, కాగితాన్ని తినేస్తుంది. ఇదంతా చేయలేకపోతే ఫొటో ఆల్బంలకు వాడే ప్లాస్టిక్ మూలలు నాలుగు పెట్టించండి, ఒక నూలు వదులుగా. సెల్లో టేపు, డబుల్ సైడ్ టేపు మాత్రం ప్రింటుకు తగలనివ్వొద్దు. వేసవిలో వాటి జిగురు కారి ముందు వైపుకు నూనె మరకలా దిగుతుంది.

గాజు పెట్టే ముందు లోపలి వైపు తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత పటాన్ని తిప్పి చూసి, నల్లటి చీకటి భాగాల మీద దూది పోగులు, వెంట్రుకలు లేవని చూసుకున్నాకే వెనక మూయాలి. ఈ బొమ్మలో సగం చీకటే కాబట్టి చిన్న దుమ్ము కూడా నక్షత్రంలా మెరుస్తుంది. చివర వెనక అంచులన్నీ గోధుమ రంగు కాగితపు టేపుతో మూయించండి. వెండి పురుగులు, ధూళి దూరే దారి అదే. నాఫ్తలీన్ గోలీలు, వేపాకులు ఫ్రేము లోపల పెట్టొద్దు.

పటం చేతికొచ్చాక డబ్బు ఇచ్చే ముందు టేపు తీసుకుని ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలు చూడండి. ఈ సైజు పటానికి ఒక్కోటి 32 అంగుళాలకు కొంచెం తక్కువ వస్తుంది. రెండింటి మధ్య తేడా 2 మిల్లీమీటర్లు దాటితే ఫ్రేము పక్కకు తోసుకుపోయినట్టు. మౌంటు ఎడమ, కుడి అంచులూ కొలవండి. మామూలు ఫొటోకు ఇంత చాదస్తం అక్కర్లేదు. దీనికి కావాలి.

గోడ ఎంపిక

ఈశాన్య రుతుపవనాల వాన ఇక్కడ తూర్పు, ఉత్తరం గోడలను కొడుతుంది. తుఫాను గాలికి అదే వాన అడ్డంగా వచ్చి ప్లాస్టరు పగుళ్లలోంచి లోపలికి ఊరుతుంది. కాబట్టి ఆ రెండు వైపుల బయటి గోడలు వద్దు. రెండు గదుల మధ్య ఉండే లోపలి గోడ అన్నిటికంటే మంచిది. బాత్రూము గోడకు అవతలి పక్క, వంటింటి పొగ తగిలే చోటు వదిలేయండి. కొత్తగా ప్లాస్టరు పూసిన ఇంట్లో ఒక వేసవి గడిచేదాకా ఆగండి. గోడలో నీరు కంటికి కనబడదు, కానీ పటం వెనక బూజుగా బయటపడుతుంది.

పడమటి ఎండ నేరుగా పడకూడదు. కిటికీకి ఎదురుగా పెడితే చీకటి కమానుల్లో మీ కిటికీ ఊచలే కనబడతాయి. మసక గాజు వేయిస్తే ప్రతిబింబం పోతుందంటారు. ప్రింటుకు, గాజుకు మధ్య మౌంటు సందు ఉన్నప్పుడు ఆ గాజు జాలీని అలికేస్తుంది. మామూలు గాజే వేయించి, కిటికీకి పక్క గోడ ఎంచుకోవడం చవక, మేలు.

కురాన్ వాక్యాలున్న బొమ్మ కాబట్టి కాళ్లు చాపే వైపు, చెప్పుల స్టాండు పైన, మంచం దిగువన పెట్టొద్దు. ముస్లింల ఇళ్లలో అయితే నమాజు చేసే దిక్కున కూడా పెట్టరు, దృష్టి దాని మీదికి పోతుందని. నెల్లూరు నుంచి కిబ్లా, అంటే మక్కా దిక్కు, పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది కాబట్టి ఆ గోడ వదిలి ఇంకోటి చూడండి. పాత ముద్రణల్లో కొలత తెలియడానికి మనుషుల బొమ్మలు కూడా వేస్తారు. నమాజు గదికి అవి లేనిది ఎంచుకోవాలి.

గోడకెక్కించడం

గాజుతో కలిపి ఈ పటం 3 కిలోల లోపే ఉంటుంది. బరువు సమస్య కాదు, ఊగడమే సమస్య. ఒకే మేకుకు తీగతో వేలాడదీస్తే ఫ్యాను గాలికి రోజూ వెంట్రుకంత జరిగి, నెలకు ఒక పక్కకు వాలుతుంది. తీగ వద్దు. ఫ్రేము వెనక రెండు నిలువు చెక్కలకు, పై నుంచి 6 అంగుళాల కింద, రెండు రింగులు స్క్రూలతో బిగించి, గోడకు రెండు స్క్రూలు వేయండి. రింగులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో కావాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో మామూలు ఇనుప మేకు రెండు మూడు వానాకాలాలకే తుప్పు పట్టి గోడ మీద ఎర్రని చార దింపుతుంది.

ఎత్తు: పటం మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల దగ్గర ఉంటే నిలబడ్డవాళ్ల కంటికి సరిపోతుంది. హాల్లో అందరూ కూర్చునే చూస్తారనుకుంటే 52కు దించండి. 58 అయితే, ఫ్రేము మొత్తం ఎత్తు 25½ కాబట్టి పై అంచు 70¾ అంగుళాల మీద వస్తుంది, స్క్రూ రింగు పట్టే చోటు 6 అంగుళాలు తగ్గి 64¾. పెన్సిలుతో ఒక గుర్తు పెట్టి, రెండోదాన్ని నేల నుంచి కొలవొద్దు. మన ఇళ్ల నేలలు నీళ్లు బయటికి పోయేలా వాలుగా ఉంటాయి. మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపుతోనో స్పిరిట్ లెవెల్‌తోనో మొదటి గుర్తు నుంచి అడ్డంగా తీసుకోండి.

గుర్తు స్విచ్ బోర్డుకు నేరుగా పైనో కిందో పడితే చోటు మార్చండి. వైర్లు ఆ దారినే పోతాయి. ఇటుక గోడకు 6 మిల్లీమీటర్ల బిట్టుతో 45 మిల్లీమీటర్ల లోతు రంధ్రం వేయాలి. పైన ఉండే ప్లాస్టరు 12 నుంచి 15 మిల్లీమీటర్లు. అందులో మాత్రమే ప్లగ్గు కూర్చుంటే ఏదో ఒక రోజు పెళ్ళతో సహా ఊడొస్తుంది. ప్లగ్గు మొత్తం ఇటుకలోకి పోయేదాకా కొట్టి, ప్లగ్గులోకి బాగా దిగేంత పొడవున్న స్క్రూ బిగించండి, తల అర అంగుళం బయట ఉంచండి. పాత సున్నపు గోడ అయితే రంధ్రం పొడిపొడిగా రాలి పెద్దదవుతుంది, 8 మిల్లీమీటర్ల ప్లగ్గు పెట్టండి. చీమకుర్తి గ్రానైటు పలకలు అంటించిన గోడ మీద హ్యామర్ మోడ్ వాడొద్దు, పలక చీలుతుంది. వజ్రపు బిట్టుతో నీళ్లు చల్లుకుంటూ నెమ్మదిగా పలక దాటాకే మామూలు బిట్టుకు మారండి.

ఫ్రేము కింది రెండు మూలల వెనక రబ్బరు బొడిపెలు అంటించండి, 5 మిల్లీమీటర్లవి. పటానికి, గోడకు మధ్య గాలి ఆడుతుంది.

ఎక్కించాక లెవెల్‌ను ఫ్రేము పైన మాత్రమే కాకుండా బొమ్మలోని కమాను స్తంభం పక్కన నిలువుగా కూడా పెట్టి చూడండి. ఫ్రేము సరిగ్గా ఉండి స్తంభం వాలితే తప్పు కట్టినవాళ్లది కాదు, ఫొటోది. కెమెరా పైకెత్తి తీస్తే నిలువులు పైకి పోను పోను దగ్గరవుతాయి. దాన్ని ముద్రణకు ముందే సరిచేయించాలి, గోడ మీద ఏమీ చేయలేం.

దీపం, తర్వాతి జాగ్రత్త

పైన చిన్న లైటు పెట్టాలనుకుంటే 2700 నుంచి 3000 కెల్విన్ల ఎల్ఈడీ చాలు. తెల్లటి లైటు కింద పాలరాయి ఆసుపత్రి గోడలా కనబడుతుంది.

గాజు తుడిచేటప్పుడు ద్రవాన్ని గుడ్డ మీద చల్లుకోండి, గాజు మీద కాదు. కిందికి కారిన చుక్క ఫ్రేము గాడిలోకి దిగి మౌంటును కింది నుంచి పైకి తడుపుతుంది. అట్ట మీద అడుగున అలల్లాంటి గోధుమ గీత కనబడితే కారణం చాలాసార్లు ఇదే.

వానలు తగ్గాక, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పటం ఒకసారి దించండి. వెనక కాగితపు టేపు చిరిగిందా, మట్టి గీతలు పాకాయా, స్క్రూల మీద పచ్చ, ఎర్ర పొర పట్టిందా చూడండి. గాజు లోపల ఆవిరి కనబడితే ఎండలో పెట్టొద్దు. వెనక టేపు తీసి, సన్‌ప్యాక్ విప్పి, ఫ్యాను కింద నీడలో ఒక రోజు వదిలేయండి. ఎండలో పెడితే కాగితం ఒక్కసారిగా ఆరి వంగిపోతుంది. మౌంటు మీద సన్నని గోధుమ చుక్కలు వస్తే మౌంటు మార్చాల్సిందే, తుడిస్తే పోవు. ప్రింటు మీదికి ఇంకా రాకపోతే అట్ట రెండూ మార్చి అదే ఫ్రేములో మళ్లీ కట్టించుకోవచ్చు. కొత్త అట్ట కోసేటప్పుడు పాత కొలతల కాగితం ఉంటే పని సగం అయినట్టే, అందుకని దాన్ని ఒక కవరులో పెట్టి సన్‌ప్యాక్ వెనక అంటించి ఉంచండి.